బొమ్మా బొరుసూ: ధనంబోడు మీద నాణేల వాన

నాణెం ఎగరేసి పందెం కాసేటప్పుడు మనం "బొమ్మా? బొరుసా?" అంటాం. బొమ్మ ఎవరిదో అందరికీ తెలుసు. బొరుసు మీద ఏముందని అడిగితే ఎగరేసినవాడు కూడా చప్పున చెప్పలేడు. రాజులు చేయించిన కళనీ, రాజుల నీడన పుట్టిన సాహిత్యాన్నీ మన విమర్శ చాలాకాలంగా ఇదే తీరున చూస్తోంది. బొమ్మను చూసి కొందరు చేతులు జోడిస్తారు, మరికొందరు విసిరికొడతారు. తిప్పి చూసేవాళ్ళు తక్కువ.

మా కృష్ణా మెట్ట ప్రాంతం గురించి, అంటే 2022లో ఎన్‌టీఆర్ జిల్లాలోకి వెళ్ళిన జగ్గయ్యపేట, నందిగామల గురించి రాసే స్థానిక చరిత్రకారులకు ఒక గర్వం ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటే రోమ్‌తో వ్యాపారం చేసిన నేల మాది, రోమన్ చక్రవర్తుల బంగారం మా కృష్ణ ఒడ్డుకు నడిచివచ్చింది అన్నది ఆ గర్వం. దీనికి ఎదురుగా మన అభ్యుదయ శిబిరంలో ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది: అవన్నీ పాలకవర్గం గుర్తులు, వాటితో శ్రామికుడికి పని లేదు. మొదటిది చరిత్రను ఊరేగింపు చేస్తుంది. రెండోది అసలు చదవకుండానే పుస్తకం మూసేస్తుంది. ఇద్దరూ చూసింది బొమ్మనే. ఒక రోమన్ కంచు నాణేన్నీ, మా ఊరి రాతిపలకనూ, మన శ్రీనాథుణ్ణీ పక్కపక్కన పెట్టి, బొరుసు వైపు నుంచి చదివితే ఏం తేలుతుందో చూడాలని ఈ వ్యాసం.

ముందు కంచు సంగతి. రోమన్ సామ్రాజ్యంలో బంగారు నాణెం పెద్ద లెక్కలకు, వెండి దెనారియస్ సైనికుడి జీతానికి, వర్తకుడి మూటకు. బజారులో రొట్టె కొనేవాడి చేతిలో ఆడేది రాగి, ఇత్తడి, కంచు నాణేలు. వాటిలో పెద్దది సెస్టెర్షియస్. నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక దెనారియస్. అరచేతి నడుమ బరువుగా కూర్చునే ఆ బిళ్ళ మీద కావలసినంత చోటు ఉండేది. ఒకవైపు చక్రవర్తి తల, చుట్టూ ఆయన బిరుదావళి. రెండోవైపు ఒక దృశ్యం. తొలి రెండు మూడు శతాబ్దాల కంచు నాణేల్లో ఆ దృశ్యానికి అటూ ఇటూ చాలావాటిమీద రెండు అక్షరాలు ఉండేవి: ఎస్, సి. "సెనేట్ తీర్మానం మేరకు" అని అర్థం. సెనేట్‌కు నిజమైన అధికారం పోయిన తర్వాత నాణెం మీద దాని తీర్మానం స్థిరపడింది. ఈ ఒక్కటి చాలు, మనం చదువుతున్నది ఎటువంటి రచనో తెలియడానికి.

పత్రికలు లేని కాలంలో అచ్చుపడి, రాజ్యం నలుమూలలా చేతులు మారిన రచన ఇది. ఇందులో ఏముండేది? క్రీ.శ. 70లో రోమన్ సైన్యం జెరూసలేమును నేలమట్టం చేసింది. 71లో వెస్పాసియన్ ముద్రించిన సెస్టెర్షియస్ మీద ఒక ఖర్జూరపు చెట్టు ఉంది. దాని కింద తల వాల్చి కూర్చున్న స్త్రీ, వెనక నిలబడ్డ యోధుడు. పైన "యూదయా కాప్టా" అని రెండు మాటలు. అంటే యూదయా పట్టుబడినది. తెలుగు పంతులుగా నాకు ఇక్కడ వ్యాకరణం ముఖ్యమనిపిస్తుంది. ఇది కర్మణి ప్రయోగం. పట్టుకున్నది ఎవరు? కర్త వాక్యంలో లేడు. నాణెం తిప్పితే ఉన్నాడు, మెడలు తిరిగిన తలతో, మచ్చలేని ముఖంతో. హింస బొరుసు వైపు, పేరు బొమ్మ వైపు. మధ్యలో లోహం మందం. ట్రాజన్ డేసియాను జయించినప్పుడూ (101–106 యుద్ధాలు) ఇదే శిల్పం: ఆయుధాల కుప్ప మీద కూర్చుని ఏడ్చే స్త్రీ. దేశాన్ని ఆడమనిషిని చేసి, ఆమె ఏడుపును అలంకారం చేయడం సామ్రాజ్యాలకు ఎంత పాత అలవాటో చూడండి.

ఇంకో నాణెం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 118లో హేడ్రియన్ చక్రవర్తి ఖజానాకు రావలసిన పాత బకాయిలు రద్దుచేశాడు. ఆ సంగతి చెప్పే సెస్టెర్షియస్ మీద ఒక అధికార భటుడు కాగడాతో పత్రాల గుట్టకు నిప్పు పెడుతుంటాడు. కొన్ని అచ్చుల్లో ఎదురుగా పౌరులు సంతోషంతో చేతులెత్తి ఉంటారు. చుట్టూ ఉన్న అక్షరాలు మొత్తాన్ని కూడా చెబుతాయి: తొంభై కోట్ల సెస్టెర్షియస్‌లు. మనకు తెలిసిన మాటలో ఇది రుణమాఫీ. 2008లో కేంద్రం, 2014 తర్వాత మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ మాటను ఎంత పెద్ద అక్షరాలతో రాశాయో మిరప, పత్తి వేసే మా మెట్ట రైతులకు చెప్పనక్కరలేదు. మాఫీ చెడ్డదని కాదు నా వాదం. పత్రాలు కాలిన ఇంట ఆ పూట పొయ్యి వెలిగే ఉంటుంది. నా దృష్టి రచనాశిల్పం మీద ఉంది. తొంభై కోట్ల బాకీ ఎలా పేరుకుంది, ఎవరి పొలం నుంచి, ఏ కరువు ఏట, ఎవరు లెక్క రాశారు అనే కథంతా నిప్పులో పోయింది. మిగిలింది నిప్పు పెట్టిన చెయ్యి. ఇచ్చేవాడి బొమ్మ వేసినప్పుడల్లా తీసుకున్న సంగతి ఆ బొమ్మ వెనక్కు పోతుంది. దాన శిల్పానికి ఇది మూలసూత్రం; రోమ్‌లోనూ, మన ప్రబంధ అవతారికల్లోనూ.

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఇక్కడ విచారించవలసిన విశేషం ఒకటుంది. రోమ్ నుంచి కృష్ణా తీరానికి వచ్చింది ముఖ్యంగా బంగారం, వెండి. నల్గొండ జిల్లా అక్కంపల్లిలో పదిహేను వందలకు పైగా వెండి దెనారియస్‌లు ఒక్కచోట దొరికాయి. వినుకొండలో 1889లో 15 బంగారు నాణేలు. కృష్ణా జిల్లా నాగవరప్పాడులోనూ బంగారమే. ఇవన్నీ 1965లో పి.ఎల్. గుప్తా ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద పుస్తకం వేసేనాటికే నమోదైన విషయాలు. మన వైపు ఆ తొలి శతాబ్దాల్లో కంచు జాడ బహు తక్కువ. చిన్న చిన్న కంచు నాణేలు గుట్టలుగా కనిపించేది నాలుగు, ఐదు శతాబ్దాల్లో, అదీ తమిళనాట, సింహళంలో.

ఎందుకు? కంచు విలువ లోహంలో కంటే బొమ్మలో ఎక్కువ. ఆ బొమ్మను నమ్మే ప్రజలున్నంత మేరే అది చెల్లుతుంది. బంగారం విలువ బరువులో ఉంది. దానికి ఎల్లలు లేవు. సొంత ప్రజలకు బొమ్మ, పరాయి వర్తకుడికి బరువు. అందుకే చక్రవర్తి కథలు రోమ్‌లో ఉండిపోయాయి, ఆయన లోహం మాత్రం ఓడ ఎక్కింది. ప్లినీ లెక్క ప్రకారం ఏటా ఐదు కోట్ల సెస్టెర్షియస్‌ల మేరకు సొమ్ము భారతదేశానికి పోయేది. దేనికోసం? ఎర్ర సముద్రపు యాత్రను వర్ణించిన ఆ పేరు తెలియని గ్రీకు నావికుడు మన తీరాన్ని మసాలియా అన్నాడు, అక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని రాశాడు. అంటే మన సాలెవాడి మగ్గం. రోమన్ నాణెం మీద ఖర్జూరపు చెట్టు ఉంది, రేవు ఉంది, ధాన్యలక్ష్మి ఉంది. మగ్గం లేదు. మన శాతవాహనుల నాణేల మీదా లేదు. వాళ్ళ సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది, ఏనుగు ఉంది. ఓడలోకి ఎక్కిన బట్టను నేసినవాడు ఏ నాణేనికీ ఎక్కలేదు.

మనవాళ్ళు ఆ చక్రవర్తి తలను ఏం చేశారన్నది ఇంకా ఆసక్తికరం. పుదుక్కోట దగ్గర 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధిక భాగానికి చక్రవర్తి తల మీద ఉలిగాటు ఉంది. లోహం స్వచ్ఛత చూడడానికి కోశారని కొందరు, చెలామణి నుంచి తప్పించడానికి అని మరికొందరు. ఏదైనా కానీ, కోసినవాడికి ఆ తల పూజనీయం కాదు. కొండాపురం తవ్వకాల్లో రోమన్ నాణేన్ని చూసి చేసిన మట్టి బిళ్ళలు దొరికాయి. మెళ్ళో వేసుకోడానికి. టైబీరియస్ చక్రవర్తి మన పల్లెపడుచు మెడలో మట్టిపూసల మధ్య వేలాడాడన్న మాట! కాసులపేరు చరిత్ర రాసేవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

బొమ్మ చెల్లలేదు గాని మాట చెల్లింది. దెనారియస్ దీనారమైంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు స్తంభ శాసనంలో ఉజ్జయిని నుంచి వచ్చిన మహాదేవి రుద్రధరభట్టారిక 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు ఉంది. ఆ దీనారమే పదకొండు వందల ఏళ్ళ తర్వాత మన శ్రీనాథుడి నెత్తిమీద పడింది. ఆ సంగతి చివర చెబుతాను.

కోశాంబి పేరు ఇక్కడ తలచుకోక తప్పదు. పండితులు నాణెం మీది గుర్తుల్ని చదువుతూ ఉంటే ఆయన వేలాది విద్ధాంక నాణేల్ని త్రాసులో వేసి తూచాడు. చేతులు మారిన కొద్దీ నాణెం అరుగుతుంది, అరిగిన మేరకు బరువు తగ్గుతుంది. ఆ తరుగులో సమాజం చలనం ఉందని ఆయన పట్టుకున్నాడు. బాలగోపాల్ ఆయనను తెలుగులో పరిచయం చేశాక మనమంతా కోశాంబి నిర్ణయాలను ఉదహరిస్తున్నాం. త్రాసును మాత్రం వాడటం లేదు. సాహిత్యంలో కూడా బొమ్మకు ఒక లెక్క, బరువుకు ఒక లెక్క ఉన్నాయి.

జగ్గయ్యపేట పక్కన ఉన్న ధనంబోడు పేరు మన పాఠకుల్లో చాలామంది వినే ఉంటారు. బోడు అంటే మిట్ట. మహాచైత్యం శిథిలమై మట్టి కప్పుకుపోయాక, జనం జ్ఞాపకంలో బుద్ధుడు పోయి ధనం మిగిలింది. 1882లో బర్జెస్ అక్కడ తవ్వించినప్పుడు బయటపడిన పలకల్లో ఒకటి ఇవాళ చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. ఒకటో శతాబ్దం నాటిదని సాధారణంగా చెబుతారు. ఆ రాయి మన పల్నాటి, మెట్ట ప్రాంతపు సున్నపురాయే. ఆ రకపు రాతినే ఇవాళ మా చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు పొడిచేస్తున్నాయి. మా పిల్లలు తమ ఊరి శిల్పాన్ని చూడాలంటే మద్రాసు రైలెక్కాలి. సిమెంటు ధూళి చూడటానికి గడప దాటనక్కరలేదు.

పలక మీద నడుమ ఒక చక్రవర్తి నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, పెద్ద తలపాగాతో, గొడుగు కింద. ఎడమ చెయ్యి గుండె దగ్గర, కుడి చెయ్యి మేఘాల వైపు ఎత్తి. మేఘం నుంచి నాణేలు రాలుతున్నాయి. గుండ్రనివి కాదు, చతురస్రంగా ఉన్నవి. అంటే శిల్పి తన చేతిలో ఆడిన కహాపణాలనే చెక్కాడు. ఇంద్రలోకపు వాన కూడా బజారు నాణేలతో కురిసింది. చుట్టూ చక్రవర్తికి ఉండవలసిన సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, స్త్రీ, గృహపతి, పరిణాయకుడు. ఏనుగుకీ మణికీ సరసన స్త్రీని కూడా ఒక రత్నంగా లెక్కించడం గురించి వేరే వ్యాసం రాయవచ్చు.

పైపైన చూస్తే హేడ్రియన్ నాణేనికీ దీనికీ తేడా ఏముంది? ఇచ్చే చెయ్యి, సంతోషించే పరివారం. దాన శిల్పమే. మన శిబిరపు తీర్పు ఇక్కడే ఆగిపోతుంది. కాని శిల్పాన్ని దాని కథతో కలిపి చదవాలి. ఇతడు ఎవరో ఒక చక్రవర్తి, ఆదర్శ రాజు బొమ్మ మాత్రమేనని కొందరు పండితులు అంటారు. నాణేల వాన ఉండటంవల్ల ఇతడు మాంధాత అని మరికొందరు. నాకు రెండో మాటే సబబనిపిస్తుంది. జాతక కథలో చేతికి చెయ్యి తగిలిస్తే ఆకాశం నుంచి ధనం కురిపించగలిగినవాడు మాంధాత. మోకాటి లోతున. అయినా చాలలేదు. భూమి చాలక దేవలోకానికి వెళ్ళాడు. ఇంద్రుడు సగం సింహాసనం ఇచ్చాడు. ఇంద్రుణ్ణి చంపి మొత్తం తీసుకుందామనుకున్నాడు. ఆ ఆశతోనే ముసలితనం వచ్చి భూమి మీద పడ్డాడు. తన తోటలో, మామూలు మనిషిలా చచ్చిపోయాడు. "మాంధాతల నాటి" అని మనం పాతబడిన దానిని వెక్కిరించడంలో ఈ పతనపు వాసన ఇంకా ఉంది. సింహాసనం కోసం తనను చంపించబోయిన ముంజుడికి బాల భోజుడు పంపిన శ్లోకం మాంధాతతోనే మొదలవుతుందని సంస్కృతం చదివినవాళ్ళకు తెలుసు.

పలక ముందు నిలబడ్డ ఆనాటి ఉపాసకుడికి ఈ కథ తెలుసు. కళ్ళముందు వాన కురుస్తోంది, మనసులో వాడు పడిపోతున్నాడు. నాణేనికి ఈ రెండో దృశ్యం ఉండదు, ఉండటానికి వీల్లేదు. నాణెం మీద చక్రవర్తి ఎప్పుడూ ప్రథమా విభక్తిలో, వర్తమానంలో ఉంటాడు. పడిపోతే ఇంకొకడు ఆ లోహాన్ని కరిగించి తన తల వేసుకుంటాడు. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో దొరికిన పదమూడు వేల పైచిలుకు వెండి నాణేల్లో మూడింట రెండు వంతులు నహపానుడి ముఖం మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు కొట్టినవి. 211లో కారకల్లా తమ్ముడు గేటాను చంపించాక ఆసియా మైనరు నగరాల కంచు నాణేల మీద అన్నదమ్ముల ముఖాల్లో తమ్ముడి ముఖాన్ని ఉలితో చెక్కేశారు. పతనం నాణేనికి బయటనుంచి, గాయంగా వస్తుంది. రాతిపలకలో అది కథ లోపలే ఉంది. వస్తువు ఒకటైనా రూపం మారితే భావజాలం పనిచేసే తీరు మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అలాగని ఈ పలకను విప్లవ శిల్పం చేయకూడదు. జాతకం మాంధాత దురాశను తప్పు పట్టింది, ధనం మూలాన్ని అడగలేదు. కోరికను వ్యక్తి రోగంగా చూసింది, దోపిడీగా చూడలేదు. చైత్యాలకు దానాలిచ్చిన వర్తకులకు, గృహపతులకు ఆ నీతి ఇబ్బంది పెట్టేది కాదు. కాని శిల్పి ఒక పని చేశాడు. చెయ్యి ఎత్తిన రాజు పక్కనే గృహపతిని నిలబెట్టాడు. సంప్రదాయం ప్రకారం గృహపతి రత్నం అంటే భూమిలో దాగిన నిధుల్ని కనిపెట్టి రాజుకు అందించేవాడు. వాన రాజు చేతిలో లేదు, పక్కన నిలబడ్డ మనిషి దగ్గర ఉంది. సంప్రదాయం అడిగింది గనక చెక్కాడా, తెలిసి చెక్కాడా? శిల్పి ఉద్దేశం మన చేతికందదు. రాతిలో ఆ ఇద్దరూ పక్కపక్కన ఉన్నారన్నది మాత్రం అందుతుంది.

రాళ్ళెత్తిన కూలీలెవరని శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో వేసిన ప్రశ్నను మనం ప్రతి ప్రాచీన కట్టడం ముందూ వేస్తున్నాం. వేసి వేసి అది అలంకారమైపోయింది, జవాబు కోసం ఎదురుచూడటం మానేశాం. ధనంబోడు దగ్గర దానికి ఒక జవాబు ఉంది. పలక తర్వాత మూడు శతాబ్దాలకు పైగా గడిచాక, వీరపురుషదత్తుని 20వ రాజ్య సంవత్సరంలో, మహాచైత్యం తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలిపినవాడు రాజు కాదు, శ్రేష్ఠి కాదు. ఆవేసని నాకచందుడి కొడుకు, ఆవేసని సిద్ధార్థుడు. ఆవేసని అంటే శిల్పుల పనికి పెద్ద. కమ్మకరథంలోని నడతూరును శాసనం పేర్కొంటోంది. అక్కడితో ఆగలేదు. తల్లి నాగిలని పేరు ముందు పెట్టి, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, సోదరుడు, సోదరుడి భార్య, వాళ్ళ పిల్లలదాకా అందరి పేర్లూ చెక్కించాడు. రాజు పేరు తేదీ కోసం వచ్చింది. ఇల్లు మాత్రం ఇల్లంతా వచ్చింది. హేడ్రియన్ సెస్టెర్షియస్ చెక్కిన టంకశాల పనివాడి పేరు ఈ భూమి మీద ఎవరికీ తెలియదు. సిద్ధార్థుడి కూతురి పేరు మనకు తెలుసు.

అయితే ఈ జవాబు మనకు పూర్తిగా అనుకూలంగా లేదు. ఐదు రాతి స్తంభాలు దానం ఇవ్వగలిగినవాడు కూలీ కాదు, పనివాళ్ళ మీద పెద్ద. అతని కింద రాయి మోసినవాళ్ళ పేర్లు లేవు. శ్రామికుడు, యజమాని అనే రెండు పెట్టెల్లో అతడు కుదురుగా ఇమడడు. ఇమడడు కదా అని వదిలేస్తే చరిత్ర మనల్ని వదిలేస్తుంది. ఉత్పత్తి సంబంధాలంటే ఇటువంటి చిక్కుముడులే. రేపు ఈ ప్రాంతం మీద నవల రాయబోయే యువ రచయిత ఎవరైనా ఉంటే, చక్రవర్తుల్ని వదిలి సిద్ధార్థుడి ఇంటిని చూడమంటాను. తండ్రీ కొడుకులు ఇద్దరూ ఆవేసనులు, తల్లి పేరు ముందు, ఇంటి నిండా పిల్లలు.

మధ్యకాలాన్ని దాటేస్తున్నాను. విక్టోరియా గురించి ఒక్క మాట. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. పావణా రాగి బిళ్ళ మీద అప్పటిదాకా ఉన్న "క్వీన్" పోయి "ఎంప్రెస్" వచ్చింది. సరిగ్గా ఆ ఏడు మన పంచాంగంలో ధాత. రాయలసీమ, నెల్లూరు జిల్లాల్లో ధాత కరువు. ఒక్క అక్షరం కూడా కరువు గురించి ఆ రాగి మీద లేదు. కాని జనం ఆ సంవత్సరాన్ని ఎంప్రెస్ ఏడు అనలేదు, ధాత కరువు అన్నారు. మౌఖిక చరిత్ర బొరుసు వైపు ముద్రించిన నాణెం అది.

ఇటీవలి సంగతీ ఇటువంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే జరిగినప్పుడు పొలం గట్ల మీద పాతిన సరిహద్దు రాళ్ళ మీదా, పట్టాదారు పాసుపుస్తకాల మీదా అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ వేశారు. 2024లో ప్రభుత్వం మారాక పాసుపుస్తకం మీద రాజముద్ర వేయాలనీ, రాళ్ళ మీది బొమ్మ చెరపాలనీ నిర్ణయించారు. గేటా ముఖం మీద ఉలి గుర్తుకు రాక మానదు. ఎవరి బొమ్మ ఉండాలన్న వాదం సభల్లోనూ పత్రికల్లోనూ కావలసినంత నడిచింది. ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్న రైతు పేరు పాత పుస్తకంలోనూ లేదు, కొత్త పుస్తకంలోనూ లేదు. నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో పత్తి, మిరప చేలలోకి దిగి చూస్తే కౌలుదారు కనపడని పొలిమేర ఉండదు. దీని మీద మన కవులు రాసిన పద్యం నాకు ఇంతవరకు తగల్లేదు. బొమ్మ మీద మాత్రం రెండు పక్షాలవాళ్ళూ రాశారు.

కౌలు అంటే శ్రీనాథుడి దగ్గరకు రాక తప్పదు. ఆయనవిగా చెప్పే చాటువుల్లో రెండు అందరికీ తెలుసు. ఒక దానిలో విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును ఓడించి దీనార టంకాలతో స్నానమాడిన వైభవం. కనకాభిషేకం. నాణేల వాన మళ్ళీ కురిసింది, ఈసారి కవి మీద. ఇంకో దానిలో ముసలితనం. కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకుంటే పంట కృష్ణవరద పాలు, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టల పాలు. సుంకం ఏడు వందల టంకాలు కట్టలేక ఒడ్డెరాజుల చేతిలో సంకెళ్ళు, భుజాన బరువు.

మన పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని కవి గౌరవంగానూ రెండోదాన్ని విధి వైపరీత్యంగానూ బోధించాయి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు, రెండూ ఒకే నాణెం అని చెప్పలేదు. కవి నెత్తిన పోసిన దీనారాలూ కవి కట్టలేకపోయిన టంకాలూ ఒకే ఖజానా లెక్కలోవి. ఇచ్చే చేతికీ తీసుకునే చేతికీ శరీరం ఒకటే. సన్మాన సభల్లో ఇవాళ్టికీ "కనకాభిషేకం" అన్న మాట దండలాగా వాడుతున్నాం. అభ్యుదయ రచయితల మెడల్లో కూడా ఆ దండ పడుతోంది, వాళ్ళు తల వంచుతున్నారు. వంచిన తల మీద బొడ్డుపల్లె బరువు గుర్తుకు వచ్చినట్టు కనపడదు.

కవిత్వంగా చూసినా తేడా స్పష్టం. మొదటి చాటువులో క్రియలన్నీ కవివే, ఓడించాడు, పగలగొట్టించాడు, స్నానమాడాడు. ఆ టంకాలు ఎక్కడివన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. అది సెస్టెర్షియస్ లాంటి పద్యం, ఒక తల, ఒక బిరుదు. రెండో దానిలో కవి కర్త కాడు. నది పంట తీసుకుపోయింది, పిట్టలు గింజలు తినిపోయాయి, రాజ్యం సుంకం అడిగింది. క్రియలన్నీ ఇతరులవి, చివరకు మోసపోవడం ఒక్కటే ఆయన వంతు.  పంట పేర్లు ఉన్నాయి, ఊరి పేరు ఉంది, కట్టవలసిన మొత్తం అంకెతో సహా ఉంది. ఆ చాటువును శ్రీనాథుడే చెప్పాడా, ఆయన తర్వాత కృష్ణ ఒడ్డు రైతులెవరైనా తమ బాకీని ఆయన నోట పెట్టారా అన్నది పరిశోధకులు తేల్చుకోవలసిన విషయం. వందల ఏళ్ళపాటు నోళ్ళు మారి అరిగిన తర్వాత కూడా ఏడు వందల టంకాలు అన్న లెక్క అందులో తగ్గలేదు.